కూత కన్నా ముందు ఆవిరి

ముందు ఆవిరి కనిపిస్తుంది. తెల్లగా, చిన్నగా, ఇంజను నెత్తిన ఎవరో పత్తికాయ పగలగొట్టినట్టు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటే అప్పుడు లోయ దాటి కూత వస్తుంది. అంటే ఏడువందల మీటర్లు ఇంచుమించు, అనుకున్నాడు అవెలీనో మాస్టారు, ముప్ఫై ఒక్క ఏళ్ళు అలౌసీ బడిలో లెక్కలు చెప్పిన అలవాటు కొద్దీ. ఏడువందల మీటర్లయితే నాకేం, ఏడు మీటర్లయితే అతనికేం అని కూడా అనుకున్నాడు. ఎందుకంటే ఆ రైలు చిట్టచివరి పెట్టె కప్పు మీద, ఇనప చక్రం పక్కన, ఎర్ర పోంచో కప్పుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషికి ఆ కూత ఎన్ని అంకెలు లెక్కపెట్టినా వినబడదు. అతను రెమీహియో. పోయిన తన భార్య ఒతీలియాకి అన్న. అరవై తొమ్మిదేళ్ళు. రెండు చెవులూ పోయి నాలుగేళ్ళయింది. ఆ సంగతి ఈ భూమ్మీద తనొక్కడికే తెలుసు. తెలిసి కూడా, మూడు వారాల కిందట అలౌసీ స్టేషను ఆవరణలో, పట్నం నుంచి వచ్చిన పరీక్షాధికారి రేకు ఈల పట్టుకుని, బ్రేకులవాళ్ళని ఒక్కొక్కరినే అటు తిరిగి నిలబడమని, వెనకనుంచి ఈల వేసి, వినబడితే చెయ్యెత్తమంటూ ఉంటే, ఎదురుగా గోడవార చూడ్డానికి చేరిన పదిమందిలో నిలబడి, ఈల మోగినప్పుడల్లా ఈగని తోలుకున్నట్టు టోపీ అంచు తాకింది తనే. పదకొండు ఈలలు, పదకొండు ఈగలు. రెమీహియో పదకొండుసార్లూ చెయ్యెత్తాడు. "ఈ పెద్దాయనవి పాము చెవులు," అన్నాడు అధికారి, కాగితం మీద సంతకం గిలుకుతూ.

రైలు లోయ అడుగున సిబాంబే స్టేషను వదిలింది. గంటన్నర ఆలస్యం. బాండువాళ్ళ పెద్ద డోలు పెట్టె తలుపులో పట్టలేదట, కిటికీలో పట్టలేదట, చివరికి తలుపే ఊడదీసి ఎక్కించారట. రేపు సాన్ పెద్రో పండగ. అలౌసీ ఊరి దేవుడు ఈ ఏడు భుజాల మీద కాకుండా రైలెక్కి కొండమీది తన ఊరికి వెళుతున్నాడు, కొండచరియలు పడి పదకొండేళ్ళుగా మూసుకుపోయిన దారి మళ్ళీ తెరుచుకుంది గనక, షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాత ఆవిరింజనులో మళ్ళీ నిప్పు రాజేశారు గనక. మూడే పెట్టెలు. మొదటిదాంట్లో సాన్ పెద్రో, ఫాదరు, పూలు. రెండోదాంట్లో బాండు. మూడోదాంట్లో ఊళ్ళోవాళ్ళు, తన దగ్గర లెక్కలు తప్పినవాళ్ళు, నెగ్గినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఆ చెక్కపెట్టెలకి గాలి బ్రేకుల్లాంటివేమీ లేవు, కప్పుమీద ఒక్కో ఇనప చక్రం తప్ప. ఆ చక్రం ఆకుల మధ్య దుడ్డుకర్ర దూర్చి, ఒళ్ళంతా వంచి తిప్పితే కింద బ్రేకు బిగుస్తుంది. డ్రైవరు ఒక్క పొట్టి కూత వేస్తే బిగించాలి, రెండు పొడుగు కూతలు వేస్తే వదలాలి. ఈ కాలం కుర్రాళ్ళెవరికీ అది తెలీదు. అందుకే పాతవాళ్ళని వెతికి పిలిచారు. పిలిస్తే వచ్చినవాళ్ళు ఇద్దరు, ముందు రెండు పెట్టెలకీ మోర్గన్, చివరి పెట్టెకి రెమీహియో. మోర్గన్ తాత ఈ పట్టాలు వెయ్యడానికి జమైకా దీవినుంచి ఓడెక్కి వచ్చినవాడు. మోర్గన్ సరే, యాభై ఏళ్ళవాడు, ఉక్కుముక్క. కానీ కొండ ఎక్కే రైలుకి ప్రాణం చివరి పెట్టెలో ఉంటుంది. అది జారిందా, మిగతావన్నీ దాని వెంటే.

ఎదర కొండకి సైతాను ముక్కు అని పేరు. మలుపు తిరగడానికి చోటివ్వని కొండ. అందుకని పట్టాల్ని దాని ముఖం మీద మూడు గీతలుగా వేశారు. రైలు మొదటి గీత మీద ముందుకెక్కి ఆగుతుంది. కింద పట్టాలు చీలే పాయింటు మారిస్తే, వచ్చిన దారి వదిలి రెండో గీత మీద వెనక్కి ఎక్కుతుంది. మళ్ళీ ఆగి, మళ్ళీ పాయింటు మారి, మూడో గీత మీద ముందుకి. నల్లబల్ల మీద ఎన్ని ఏళ్ళు గీశాడో ఆ మూడు గీతలూ. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారర్రా, ఆగడమే లెక్క, అనేవాడు పిల్లలతో. ఏదో పెద్ద మాట అన్నట్టు వాళ్ళు రాసుకునేవాళ్ళు కూడా. పొద్దున కాఫీ, రొట్టె తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ రొట్టె కూడా రెమీహియో తెచ్చిందే. ఒతీలియా పోయిన దగ్గర్నుంచి ఈ మూడేళ్ళలో ఒక్క పొద్దున తప్పలేదు, ఏడింటికి తలుపు దగ్గర ఎర్ర పోంచో, దాని కింద వెచ్చగా నాలుగు రొట్టెలు, మాటాపలుకూ లేకుండా బల్ల దగ్గర ఎదురుగా కూర్చోవడం. మనిషి పోయిన ఇంట్లో ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని నమలడం ఎంత ఆసరానో అంతకుముందు తెలీదు. అలా కూర్చున్న రోజుల్లోనే ఒకనాడు పొయ్యిమీద కెటిల్ మరిగి ఈల వెయ్యడం మొదలుపెట్టింది, తను పెరట్లో ఉన్నాడు, వస్తాను వస్తాను అనుకుంటూ వచ్చేసరికి కెటిల్ గొంతు చించుకుని అరుస్తోంది, దానికి మూరెడు దూరంలో రెమీహియో ఖాళీ కప్పు పట్టుకుని, నీళ్ళెప్పుడు కాగుతాయా అని ఓపిగ్గా దానివంకే చూస్తున్నాడు. ఆ ఓపిక చూసి తనకి ఏడుపొచ్చింది. కెటిల్ దించాడు. రెమీహియో తన మొహం చూశాడు. "ఎవరితోనూ అనకు బావా," అన్నాడు. అంతే.

"ఏం మాస్టారూ, దేవుడితోపాటు రైలెక్కక ఇక్కడ రాయికి కాపలా కూర్చున్నారేం?"

అసుంతమ్మ. గట్టుమీద ఇంట్లో ఉండే డెబ్భై అయిదేళ్ళ మనిషి, ముందు ఆరు గొర్రెలు, చేతిలో తిరిగే కదురు. ఆ కదురు ఆమె నిద్రలో కూడా ఆపదని ఒతీలియా అనేది.

"ఇక్కణ్ణుంచి మొత్తం కనబడుతుంది అసుంతమ్మా."

"మొత్తం కనబడితే మొత్తం భయమే. నేనైతే లోపల కూర్చుని కళ్ళు మూసుకుంటా, పడేదేదో నాకు తెలీకుండా పడుద్ది." పక్క రాయిమీద చతికిలబడి, శాలువా ముడి విప్పి, ఉడికించిన తెల్ల మొక్కజొన్న గింజలు దోసెడు తీసి అతని చేతిలో పోసింది. "తినండి. మొహం చూడబోతే పచ్చి బంగాళాదుంపలా ఉంది."

గింజలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక పెట్టుపోతలాంటిదే అనుకున్నాడు. ఒతీలియాని మట్టిచేసిన రోజు రొట్టెల కొట్టు ఆవిడ వచ్చి, ఒక్క మాట లేకుండా, తన కోటుకి ఊడి వేలాడుతున్న గుండీ అక్కడికక్కడే నిలబెట్టి కుట్టేసి వెళ్ళింది. ఆ రోజు ఎవరెవరు ఏమేం అన్నారో ఏదీ గుర్తు లేదు, దారాన్ని ఆమె పంటితో తెంపిన చప్పుడు మాత్రం గుర్తుంది. లోయ అవతల ఇంజను మొదటి గీత మీద పాకుతోంది. నల్లపొగ కొండకి అంటుకుపోయి మెల్లిగా జారుతోంది, ఊపిరి ఒకటి, ఊపిరి ఒకటి, మెట్లెక్కే ముసలివాడు మెట్టుమెట్టుకీ మోకాలు మీద చెయ్యి వేసినట్టు. ఆగింది. తెల్లటి చుక్క. ఒకటి, రెండు, పొట్టి కూత. కింది పాయింటు దగ్గర పసుపుపచ్చ చొక్కా మనిషెవడో మీట మీద వాలాడు. అక్కడ, సరిగ్గా ఆ మీట పక్కనే, రేకు కప్పు గుడిసె ఉండేది. ఇప్పుడు లేదు, నాలుగు రాళ్ళు ఉన్నాయేమో. ఒతీలియా తండ్రి పాయింట్ల మనిషి. ఆయనకి నడుం పట్టేసిన రోజుల్లో మీట లాగేది ఒతీలియా. తను రాజధాని కీతో నగరంలో కాలేజీలో చదువుతూ నెలకోసారి లోయ దిగువన ఉయిగ్రాలో ఇంటికి పోయేవాడు, దిగేటప్పుడొకసారి, ఎక్కేటప్పుడొకసారి రైలు అక్కడ ఆగేది, నాలుగు నిమిషాలు. కిటికీలోంచి చూస్తే, మీట మీద బరువంతా వేసి, జడ నోట కరుచుకుని, పొట్టిగా, కోపంగా, పద్దెనిమిదేళ్ళ పిల్ల. మొదటిసారి ఏమడిగాడు? టైమెంతయిందండీ అని. చేతికి గడియారం పెట్టుకుని మరీ అడిగాడు. ఆమె ఆ గడియారం వంక చూసి, "అది అలంకారమా?" అంది. కీతో చేరేదాకా ఆ మాటకి జవాబు వెతుకుతూనే ఉన్నాడు, దొరికిన జవాబు నెల తరవాత పట్టుకెళితే, అప్పటికి ఆమె ప్రశ్న మరిచిపోయింది. అలా మూడేళ్ళు. ఒక రైల్లో ప్రశ్న, ఇంకో రైల్లో జవాబు. పెళ్ళిరోజు లెక్క కట్టి చూశాడు, డెబ్భై రెండుసార్లు, నాలుగేసి నిమిషాలు, పెళ్ళికి ముందు ఒకరినొకరు ఎరిగింది మొత్తం అయిదు గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువ.

ఆ లెక్క తప్పని చెప్పింది ఒతీలియాయే. నాలుగు కాదు, అయిదేసి నిమిషాలు, నీకు తెలీదు, అంది. రైలు కప్పుమీద బ్రేకులవాడిగా ఉండే తన అన్న, డ్రైవరు రెండు పొడుగు కూతలు వేశాక కూడా, చక్రం పట్టేసింది, తిరగడం లేదు, ఒక్క నిమిషం, అని కేకలేసేవాడట. దుడ్డుకర్రతో చక్రాన్ని ఊరికే టంగుటంగున కొట్టేవాడట. ఆ టంగుటంగులు తనకీ గుర్తే, పాత సామాను కదా అనుకునేవాడు. మూడేళ్ళలో అన్నిసార్లు ఒక్క రైలుకే చక్రం పట్టేస్తే ఎవరికీ అనుమానం రాకుండా ఉంటుందా? వచ్చింది, రెండుసార్లు అతన్ని మందలించారు కూడా, ఒకసారి నెల్లాళ్ళు పని ఆపేశారు. ఆ నెల తమకి నాలుగేసి నిమిషాలే దక్కాయి కాబోలు. మిగతా ఆ గంటా పది నిమిషాలూ రెమీహియో తన చేతులతో పట్టి ఆపిన కాలం. ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు అతను. పెళ్ళిలో తాగినప్పుడు కూడా ఎత్తలేదు. అలాంటివాడు నాలుగు వారాల కిందట రొట్టెలు బల్లమీద పెట్టి, కూర్చోకుండా నిలబడి, "బావా, రైలు మళ్ళీ నడుస్తుందట. పిలిచారు. చెవి పరీక్ష పెడతారట," అంటే, ఏమనగలడు తను? రాత్రంతా ఆలోచించానని చెప్పుకోవడానికి కూడా లేదు. అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. "చెవులు వకీళ్ళకి కావాలి బావా," అన్నాడు రెమీహియో, ముప్ఫై ఏళ్ళు తగ్గిన మొహంతో. "బ్రేకులవాడికి కళ్ళు చాలు. ఆవిరి పొట్టిగా ఒక్క చుక్క, బిగించు. పొడుగ్గా రెండు చారలు, వదులు. కూత ఎవడు విన్నాడు? నలభై ఏళ్ళూ నేను చూసుకున్నది ఆవిరే." నమ్మాడు. నమ్మడం హాయిగా ఉంది గనక.

రెండు తెల్లచారలు లేచాయి అవతల. ఒకటి. ఎర్ర పోంచో అప్పుడే వంగింది, కర్ర తిరిగింది. రెండు. అప్పుడొచ్చింది కూత, రెండు పొడుగు కూతలు, అప్పటికే అయిపోయిన పనిని అయిందని చెబుతున్నట్టు. నాకు కూత చేరకముందే అతని చేతులు కదిలాయి! అవెలీనో చేతిలో మొక్కజొన్న గింజలు నలిగాయి. ఇదిగో, చూశావా, అతను చెప్పింది నిజం, కళ్ళు చాలు, ఈ లోయలో నాకన్నా ముందు విన్నవాడు అతనే. రైలు రెండో గీత మీద వెనక్కి ఎక్కుతోంది, ఇంజను కింద ఉండి నెడుతోంది, చివరి పెట్టె ఇప్పుడు అన్నిటికన్నా ముందు, గాలిలోకి, దాని కప్పుమీద రెమీహియో ఇంజను వైపు తిరిగి నిలబడి చూపు తిప్పకుండా చూస్తున్నాడు. పొద్దు అతని మీద పడింది. బాండు వాయిస్తోంది, ఊరేగింపు పాట, గాలి వాలుని బట్టి ఓసారి బాకాలు, ఓసారి డోలు, రెండూ ఎప్పుడూ కలిసి రావు. ఒతీలియా ఉంటే నవ్వేది. లేకపోతే తిట్టేది. ఏమని తిట్టేది? ఆ ఆలోచన పూర్తిగా రానివ్వలేదు. ఈ కాస్త ఎండా, ఈ కాస్త పాటా, చేతిలో వెచ్చటి గింజలూ చాలు, ఇంకో పావుగంట ఇలాగే గడిస్తే ఇక జన్మలో ఎవరి ముందూ టోపీ తాకనని దేవుడికి మొక్కుకోబోయి, దేవుడు కూడా ఆ రైల్లోనే ఉన్నాడని గుర్తొచ్చింది.

"మబ్బొస్తోంది," అంది అసుంతమ్మ.

చూడకుండానే తెలిసింది, మెడ మీద చల్లగా తగిలింది. సముద్రం వైపు పల్లపు దేశం నుంచి ప్రతి మధ్యాహ్నం లోయలోకి పాకివచ్చే మబ్బు, నాలుగింటికల్లా సిబాంబేని మింగేసే మబ్బు. అనుకున్న వేళకి బయల్దేరి ఉంటే రైలు ఈపాటికి అలౌసీలో ఉండేది. పెద్ద డోలు. పెట్టె తలుపులో పట్టని పెద్ద డోలు. అది నది పొడుగునా వచ్చింది, స్టేషను రేకుల మీదికి ఎక్కింది, మొదటి గీత పోయింది, రాళ్ళు పోయాయి, పసుపుపచ్చ చొక్కా పోయింది. రైలు పైపాయింటు దాటి ఆగేసరికి రెండో గీత కూడా పోయింది. పెట్టెలొక్కొక్కటే తెలుపులో మునుగుతుంటే, అన్నిటికన్నా చివర ఎర్రటి చుక్క ఒక్కటి కొంచెంసేపు నిలిచింది, గులాబీ రంగయింది, బూడిద రంగయింది. ఆ తెలుపులో తెల్లటి ఆవిరిని ఎలా చూస్తాడు? తెల్ల కాగితం మీద తెల్ల సుద్ద. తనకి ఇది తట్టలేదా మూడు వారాల్లో? ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాడు, ఈ లోయలో పుట్టాడు, మధ్యాహ్నం మబ్బొస్తుందన్నది లెక్కలో వేసుకోలేదా? వేసుకోలేదు. ఆ వేళకి రైలు అలౌసీ చేరిపోతుందిగా అనుకున్నాడు. నిజంగా అనుకున్నాడా, లేక అనుకోకుండా ఉండడానికి అలా అనుకున్నాడా? ఇప్పుడు మూడో గీత. ఇంజను ముందు, పెట్టెలు దానికి వేలాడుతూ వెనక, చివరిది అన్నిటికన్నా కింద. పట్టాలు తడి. కేక వేస్తే? ఏడువందల మీటర్లు, చెవిటివాడికి. పోనీ మోర్గన్‌కి, డ్రైవరు ఎఫ్రాయిన్‌కి నిన్న ఒక్క మాట చెప్పి ఉంటే? నిన్న చెప్పలేదు. మొన్న చెప్పలేదు. రెండు పొడుగు కూతలు వచ్చాయి తెలుపులోంచి. వదలమని. ఆవిరి లేదు, లెక్కపెట్టడానికి ఏమీ లేదు, కూత దానంతటది వచ్చి చెవిలో పడింది. వదిలాడా? బాండు ఇంకా వాయిస్తోంది, వాళ్ళకేం తెలుసు, డోలువాడు ఊపు మీద ఉన్నాడు. ఇంజను ఒక పెద్ద ఊపిరి తీసింది. ఇంకోటి. ఇంకోటి. ఆ తరవాత ఒక్కసారిగా ఊపిరులన్నీ కలిసిపోయి గలగలమంటూ పరిగెత్తాయి, చక్రాలు తడి పట్టాల మీద పట్టు దొరక్క నిలబడ్డచోటే తిరిగే చప్పుడు, చిన్నప్పట్నుంచీ ఎరిగిన చప్పుడు, దాని తరవాత ఏమొస్తుందో కూడా ఎరిగినదే. వచ్చింది. ఒక్క పొట్టి కూత.

అతని చెయ్యి దానంతటదే లేచి టోపీ అంచు తాకింది.

తాకి, అక్కడే ఉండిపోయింది. మబ్బుకి ఎదురుగా, ఎవరూ చూడని చోట, ఈగ లేని గాలిలో. బాండు ఆగిపోయింది. ముందు బాకాలు, ఆ పైన డోలు, సగం దెబ్బలో. నది చప్పుడు వినబడింది. నది ఎప్పుడూ ఉంటుంది, ఎవరూ వినరు. గొర్రె ఒకటి గడ్డి తెంపింది. ఒకటి. రెండు. మూడు. పెట్టెలు వెనక్కి జారుతున్న చప్పుడా అది? చెక్క కిర్రుమంది, చాలా మెల్లిగా, బండి కదిలితే కిర్రుమన్నట్టు. నాలుగు. ఒతీలియా, అన్నాడు, పైకే అన్నాడు కాబోలు, అసుంతమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. అయిదు. అప్పుడు ఇనుము ఇనుముని కరిచిన అరుపు, ఒళ్ళు జలదరించే సన్నటి పొడుగాటి అరుపు, పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్న మోత, ఎవరో ఆడమనిషి కేక, ఆ తరవాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అలాగే కొంతసేపు నిలబడింది. ఎంతసేపో అతను లెక్కపెట్టలేదు. డోలు మీద ఒక దెబ్బ పడింది, ఉన్నానా అని అడిగినట్టు. ఇంకో దెబ్బ. బాకా ఒకటి తప్పుడు స్వరం ఎత్తుకుంది. దానికి మిగతావాళ్ళు నవ్వినట్టున్నారు, నవ్వే వినబడింది, లోయ దాటి వచ్చింది. రెండు పొడుగు కూతలు. ఊపిరి. ఊపిరి. ఊపిరి.

మబ్బు మూడో గీతని సగం దాకా మింగి అక్కడ ఆగింది, రోజూ ఆగే చోటే. దాని అంచులోంచి ముందు పొగ వచ్చింది, తరవాత పొగగొట్టం, నల్లటి తడి ఇంజను, దాని ముందు వాడిపోయిన పూలదండ. ఒక పెట్టె. రెండో పెట్టె, దాని కప్పుమీద ఎవరూ లేరు. మూడో పెట్టె కప్పుమీద ఇద్దరున్నారు. ఎర్ర పోంచో చక్రం దగ్గర, దాని వెనకే మోకాళ్ళ మీద మోర్గన్. మోర్గన్ ఎడం చెయ్యి పోంచో కింద ఎక్కడో ఉంది, రెమీహియో నడుం దగ్గర. రెండో కప్పునుంచి మూడో కప్పుకి మబ్బులో దూకాడు. ముందు తన రెండు చక్రాలూ బిగించి, ఆ పైన దూకి ఉంటాడు. తను అయిదు దాకా లెక్కపెట్టిన ఆ ఆలస్యం అదే అన్నమాట.

"వాడక్కడ ఏం చేస్తున్నాడు?" అన్నాడు అవెలీనో.

"చొక్కా లాగుతున్నాడు. ఒకసారి లాగితే బిగించు, రెండుసార్లు లాగితే వదులు. మబ్బు పడితే అలా చేద్దామని మంగళవారమే అనుకున్నారు ఇద్దరూ. నేను స్టేషనుకి చారు తీసుకెళ్ళినప్పుడు చూశా."

"నీకు తెలుసా?"

"ఏది, చెవుడా?" కదురు ఆగింది. "మాస్టారూ, రెమీహియోకి చెవుడని సిబాంబేలో కోళ్ళకి కూడా తెలుసు. అరిచి లాభం లేదని అవే దారి తప్పుకుంటాయి."

"మరి నాతో ఎవరూ ఒక్క మాట..."

"మీతో ఎందుకంటారు? మీరే దాస్తున్నారుగా. పాలకుండ నెత్తిన పెట్టుకుని పోయేవాణ్ణి ఎవడన్నా పలకరిస్తాడా?" ఆమె నవ్వింది, పైన రెండు పళ్ళే ఉన్నాయి. "మోర్గన్ నాతో ఒట్టేయించుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దని. ఎఫ్రాయిన్ తనకొక్కడికే తెలుసనుకుంటాడు. ముసలాడికి కనబడాలని కూతకి ఆవిరి ఎక్కువ వదులుతాడు పాపం, నీళ్ళు అయిపోతాయని ఇంజను నిప్పు చూసే ఫైర్‌మన్ తిట్టుకుంటాడు. ఆ పట్నం అధికారి లేడూ, చారు తాగుతూ ఏమన్నాడో తెలుసా? మీ ఊరి మాస్టారి టోపీ చుట్టూ ఈగలెక్కువ, అన్నాడు. పోనీలే, పెద్దాయనకి ఇదొక్క పండగే కదా, అన్నాడు."

ఒక్క పండగ కాదు. ప్రతి ఆదివారం నడుస్తుంది రైలు, ఏడాదికి సంతకం పెట్టాడు రెమీహియో. మబ్బు ప్రతి మధ్యాహ్నం వస్తుంది. అవెలీనో లేచి నిలబడ్డాడు, ఒళ్ళోంచి మొక్కజొన్న గింజలు రాలితే గొర్రెలు వచ్చాయి. అందరూ తలా కాస్త దయ చూపించారు. మోర్గన్ కాస్త, ఎఫ్రాయిన్ కాస్త, చారు తాగుతూ అధికారి కాస్త, పదకొండు ఈగల పాటి తను. ఎవరి దయ వాళ్ళు ఎవరికీ తెలీకుండా దాచుకున్నారు, అంతా కలిసి అరవై తొమ్మిదేళ్ళ మనిషిని తడి కప్పు మీద నిలబెట్టారు, వెనక ఎనభైమందిని కట్టి. ఆ దయలో ఏదీ అబద్ధం కాదు, అదే భయంగా ఉంది. మోర్గన్‌కి ఇవాళ ఒక అడుగు తప్పి ఉంటే ఆ ఎనభైమందితో పాటు మోర్గన్ కూడా. రెమీహియో ఎన్నడూ తన చేతులతో రైలుని ఆపాడే తప్ప ఎవరి ప్రాణం మీదికీ తేలేదు, ఇప్పుడు తెస్తున్నాడని అతనికి ఎవరు చెబుతారు?

"ఒతీలియా ఉంటే..." అన్నాడు.

"ఉంటే మొదటిరోజే మొహం మీద చెప్పేది. అందుకే కదా ఆవిడంటే అందరికీ హడలు." అసుంతమ్మ కదురు మళ్ళీ తిప్పింది. "ఎక్కడికి? చీకటి పడే వేళకి?"

"వంతెన దగ్గర లారీ దొరుకుతుంది. వాళ్ళు రైలు దిగేసరికి అలౌసీలో ఉండాలి."

"ఎవరికి చెబుతారు? అందరికీ తెలుసంటే."

"అతనికి."

ఆమె తలూపింది. పక్కకి జరిగి కాలిబాట ఇచ్చింది. దిగుతుంటే వెనకనుంచి కూడా ఇంజను ఊపిరి వినబడుతూనే ఉంది, పైకి, పైకి, మెల్లిగా. ఎలా చెప్పాలి? గట్టిగా అరిస్తే స్టేషనంతా వింటుంది, పండగ జనమంతా తిరిగి చూస్తారు, రెమీహియో ఒక్కడికే వినబడదు. కాగితం మీద రాసి చేతిలో పెడితే మందలింపు కాగితంలా ఉంటుంది, అలాంటివి అతను రెండు అందుకున్నాడు. ఎదురుగా నిలబడాలి, మొహానికి వెలుగు పడేచోట. పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు అతను, చిన్న మాటలైతే. బావా, నీకు వయసైపోయింది. కాదు. బావా, మోర్గన్ ఇవాళ చచ్చేవాడు. అది నిజమే, కానీ అది మోర్గన్ చెప్పాలి. బావా, తప్పు నాది, ఆ పరీక్షలో నేను. అది తన బరువు దించుకోవడం. రాయి జారింది, చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. మబ్బు మోకాళ్ళ దాకా వచ్చింది. ఇంకో మాట దొరికింది అప్పుడు. ఇన్నేళ్ళలో బావతో ఎన్నడూ అనని మాట, అనడానికి సిగ్గుపడాల్సిన మాట, కానీ అతన్ని కప్పుమీదనుంచి దింపగలిగితే అదే దింపాలి. చప్పుడు రాకుండా, పెదాలు మాత్రం కదుపుతూ, నేల చూసుకుంటూ, అడుగు అడుగుకీ ఒకసారి ఆ మాట అనుకుంటూ మబ్బులోకి దిగాడు అవెలీనో మాస్టారు, ఒక్క అక్షరం కూడా ఇంకో అక్షరంలా కనబడకూడదని. భయమేసింది బావా. ఇవాళ నాకు చాలా భయమేసింది.